మధ్యవర్తికి సంఘమెందుకంటే

2025 మే 3న ఢిల్లీలో జరిగిన తొలి జాతీయ మీడియేషన్ సదస్సులో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ‘మీడియేషన్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా’ను ప్రారంభించారు. పేపర్లో ఆ వార్త వచ్చిన దగ్గర్నుంచీ బార్ హాల్లో ఇదే చర్చ. “రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనుషులకు ఏ అసోసియేషన్ ఉందండీ? ఎవరిచ్చారు వాళ్లకు సర్టిఫికెట్? తగాదాలు తీర్చలేదా?” అని ఓ సీనియర్ గారు గొంతు సవరించుకుంటారు. “రిటైరైన జడ్జీలకు ఉపాధి హామీ పథకం లెండి” అని పక్కాయన అందుకుంటారు. “కేసులన్నీ రాజీ అయిపోతే మనం నల్లకోట్లు మడతపెట్టి బీరువాలో పెట్టుకోవడమే” అన్నది జూనియర్ల బెంగ.

టీ తాగుతూ అనుకునే మాటలైతే వదిలేయొచ్చు. కానీ ఇవే సభల్లో ప్రసంగాలై, పత్రికల్లో వ్యాసాలై, మధ్యవర్తులకు వృత్తి సంఘాలు అక్కర్లేదు, ఉంటే చేటు అనే వాదనగా గట్టిపడుతున్నాయి. వకాలతులు వేసుకుంటూనే మీడియేషన్ శిక్షణ కూడా తీసుకున్నవాణ్ణి కనుక ఇందులో నాకూ ఓ పక్షం ఉంది. దాచుకోను.

ముందు రచ్చబండ సంగతి తేల్చుకుందాం. దాన్ని నోరారా పొగిడేవాళ్లలో ఎక్కువమంది ఊరి పంచాయితీలో తామే ఒక పక్షమై కూర్చున్నవాళ్లు కారు. కూర్చున్నవాళ్లకు తెలుసు అదెలా ఉంటుందో. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల మాట మొదలవ్వాలంటే ముందు రెండు పక్షాలూ పెద్దమనుషుల దగ్గర డిపాజిట్ పెట్టాలి. తగాదా ఎంత పెద్దదైతే డిపాజిట్ అంత పెద్దది. చెప్పినదానికి కట్టుబడకపోతే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఒకరి తరఫున నలుగురొస్తే రెండోవారి తరఫున ఆరుగురు దిగుతారు. ఎవరి మనుషులు ఎక్కువుంటే వాళ్ల గొంతే లేస్తుంది. తగాదా ఆడమనిషిదే అయినా ఆమె ఓ పక్కన నిలబడుతుంది, ఆమె బదులు అన్నో బావో మాట్లాడతాడు. పొద్దుగూకే వేళకు బాండు పేపరు మీద నాలుగు ముక్కలు రాసి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. ఆ పేపరు ఒక పెద్దమనిషి ఇంట్లో ఉండిపోతుంది. అన్యాయం జరిగిందనిపిస్తే ఎవరికి చెప్పుకోవాలి? మళ్లీ ఆ పెద్దమనిషికే.

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో నడిచే పంచాయితీల కథలు పేపర్లు చదివేవాళ్లకు కొత్త కాదు. జరిమానా వేస్తారు. కట్టనన్న కుటుంబాన్ని వెలివేస్తారు. వెలివేసినవాళ్లతో మాట్లాడినవాళ్లకు మళ్లీ ఫైను. వాళ్ల మీద కేసులు పెట్టినా, జిల్లా అధికారులు హెచ్చరించినా ఊరూరా అదే తంతు. ఇందులో మధ్యవర్తిత్వం ఏ మూల ఉందో వెటకారం చేసేవాళ్లే చూపించాలి. ఇది తీర్పు. అప్పీలు లేని తీర్పు, పైగా శిక్షతో కూడిన తీర్పు.

మంచి పెద్దమనుషులు లేరని నేననను. చెరువు నీళ్ల వంతుల దగ్గరా, అన్నదమ్ముల గట్టు తగాదాల దగ్గరా ఎవరి పక్షమూ పట్టకుండా మాట్లాడినవాళ్లు ప్రతి తాలూకాలోనూ ఉండేవారు. వాళ్ల మంచితనం వాళ్లతోనే పోయింది. నేర్పే పద్ధతీ లేదు, తప్పినప్పుడు నిలదీసే చోటూ లేదు కనుక తర్వాత ఆ అరుగు ఎక్కినవాడు ఏం చేసినా చెల్లిపోయింది. 2023 మీడియేషన్ చట్టం ఊరి పెద్దలను పక్కన పెట్టలేదన్నది ఈ వాదన చేసేవాళ్లు గమనించినట్టు లేరు. ఒక ప్రాంతంలో శాంతికి భంగం కలిగించే తగాదాలకు ‘సామూహిక మధ్యవర్తిత్వం’ అని ఒక అధ్యాయమే ఉంది. పేరున్న స్థానికులనే అందులో కూర్చోబెట్టొచ్చు. కాకపోతే ఇరుపక్షాలూ ముందే ఒప్పుకోవాలి, ఒక్కడు కాకుండా ముగ్గురు మధ్యవర్తులు కూర్చోవాలి. అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీ బలం ఉండదు. చట్టం రచ్చబండను మన్నించింది గానీ, దాని చేతికి కర్ర మాత్రం ఇవ్వలేదు.

ఇక శిక్షణ పొందిన మధ్యవర్తి చేసే పని ఏమిటో దగ్గర్నుంచి చూద్దాం. మీడియేషన్ గదిలో జరిగింది బయట చెప్పకూడదు కనుక నిజం కేసు చెప్పను. శిక్షణలో మాచేత ఆడించే వేషాల్లో ఒకటి చెబుతాను. సుప్రీంకోర్టు మీడియేషన్ కమిటీ పెట్టిన పద్ధతిలో శిక్షణ 40 గంటలు. అందులో ఉపన్యాసాలు మర్చిపోయినా ఈ వేషాలు మాత్రం మర్చిపోం.

ఉమ్మడి రైస్ మిల్లు. అన్నదమ్ములు విడిపోతున్నారు. అన్న లెక్కలు చెప్పడం లేదని తమ్ముడి ఫిర్యాదు, తమ్ముడు మిల్లు ముఖమే చూడలేదని అన్న ఫిర్యాదు. మధ్యవర్తి వేషం ఒక ఇరవయ్యేళ్ల ప్రాక్టీసున్న న్యాయవాదికి ఇచ్చారు. ఆయన పది నిమిషాలు విని, కళ్లజోడు తీసి, “చూడండి, లెక్క ప్రకారం తమ్ముడికి మూడో వంతు రావాలి, అన్నగారు ఇచ్చేస్తే గొడవ ఉండదు” అన్నారు. శిక్షకురాలు చెయ్యెత్తి ఆపేశారు. “సార్, మీరిప్పుడు జడ్జి అయిపోయారు. బయటికెళ్లి మధ్యవర్తిగా మళ్లీ లోపలికి రండి.” అందరం నవ్వాం, ఆయనా నవ్వారు.

రెండోసారి ఆయన బాగానే నడిపించారు. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడటం మొదలుపెట్టారు. తమ్ముడు ఒంటరిగా ఉన్నప్పుడు గుట్టు విప్పాడు. బయట అప్పులు మీద పడుతున్నాయి, సంక్రాంతిలోపు ఎంతో కొంత చేతికందితే చాలు అన్నాడు. మధ్యవర్తి అన్న గదిలోకి వెళ్లి, మంచి మాటే చెబుతున్నాననుకుని, “మీ తమ్ముడు తగ్గడానికి సిద్ధంగానే ఉన్నాడు లెండి” అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. “ఆ మాట బయటపెట్టమని తమ్ముడు మీకు చెప్పాడా?” అని శిక్షకురాలు అడిగారు. అన్న వేషం వేసినాయన ఆ ఒక్క మాట పట్టుకుని, అప్పటిదాకా ఇస్తానన్నదాన్ని సగానికి దించేశాడు.

అది నాటకం కాబట్టి సరిపోయింది. అదే నిజమైన కేసులో జరిగిందనుకోండి. తమ్ముడు అవసరం కొద్దీ సంతకం పెడతాడు. నెల తర్వాతో రెండు నెలల తర్వాతో తన గుట్టు అన్నకు ముందే తెలుసునని బయటపడుతుంది. ఎక్కడికెళ్లాలి? జడ్జి తప్పు చేస్తే పై కోర్టు ఉంది, రికార్డు ఉంది. ఆర్బిట్రేటర్ ఇచ్చిన అవార్డును కొట్టేయమని అడగడానికి 1996 చట్టంలో 34వ సెక్షన్ ఉంది. మధ్యవర్తి పనికి రికార్డు ఉండదు. లోపల చెప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఆయన్ను సాక్షిగా బోనెక్కించడానికీ వీల్లేదు. 2023 చట్టం ప్రకారం కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీలా అమలవుతుంది. దాన్ని సవాలు చేయాలంటే మోసం, అవినీతి, ఒకరి బదులు మరొకరు సంతకం పెట్టడం, అసలు మధ్యవర్తిత్వానికి పనికిరాని తగాదా కావడం, ఈ నాలుగే దారులు. అదీ 90 రోజుల్లో, కారణం గట్టిదైతే మరో 90. నోరుజారిన మధ్యవర్తి ఈ నాలుగింట్లో ఎందులోకీ రాడు.

ఈ గోప్యత తీసేద్దామా అంటే కుదరదు. తీసేస్తే ఏ తమ్ముడూ నోరు విప్పడు, ఆ గదికి అర్థమే ఉండదు. గోప్యత ఉండాల్సిందే, ఉన్నంతకాలం మధ్యవర్తి మీద కోర్టు నిఘా దాదాపు ఉండదు. అప్పుడు మిగిలేది ఒక్కటే తోవ. ఆయన పేరు ఎవరి జాబితాలో ఉందో, ఎవరి నియమావళికి కట్టుబడతానని ఆయన సంతకం పెట్టాడో, ఆ సంస్థ ముందు ఫిర్యాదు పెట్టడం. ఆ సంస్థ గుట్టుగానే విచారించి, మందలించో, మళ్లీ శిక్షణకు పంపో, జాబితాలోంచి పేరు కొట్టేసో బుద్ధి చెప్పడం. సంఘమెందుకు అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. సన్మానాలకు కాదు, సావనీర్లకు కాదు. అప్పీలు లేని చోట అడిగే దిక్కు కోసం.

విమర్శకులు అక్కడే మూడు వేర్వేరు వస్తువులను ఒకే గాటన కడుతున్నారు. మీడియేషన్ కేంద్రం వేరు: అది గదులు, జాబితా, ఫీజుల పట్టిక ఇచ్చి తగాదాలు నడిపించే చోటు. నియంత్రణ మండలి వేరు: అది ప్రభుత్వం పెట్టేది. మధ్యవర్తుల సంఘం వేరు: అది ఈ పని చేసేవాళ్లు తమకు తాము కట్టుకునే క్రమశిక్షణ. న్యాయవాదులకు ఇంత చెప్పాల్సిన పనిలేదు. కోర్టు భవనమూ, బార్ కౌన్సిలూ, బార్ అసోసియేషనూ ఒకటి కాదని మనకు మొదటి రోజే తెలుస్తుంది.

ఇతర దేశాల్లో ఈ సంఘాలు ఏం చేశాయో చూస్తే ఉపాధి హామీ అన్నవాళ్లకు కొంత జవాబు దొరుకుతుంది. అమెరికాలో బార్ అసోసియేషన్, ఆర్బిట్రేషన్ అసోసియేషన్, తగాదా పరిష్కర్తల సంఘం, ఈ మూడూ కూర్చుని 1994లో మధ్యవర్తులకు నమూనా ప్రవర్తనా నియమాలు రాసుకున్నాయి. 2005లో వాటిని సవరించాయి. మొట్టమొదటి నియమం: నిర్ణయం కక్షిదారులదే. తాను నిష్పాక్షికంగా ఉండలేనని తోచిన క్షణం మధ్యవర్తి తప్పుకోవాలి. ఫ్లోరిడా రాష్ట్రంలో మధ్యవర్తులకు నైతిక సందేహాలొస్తే రాసి అడగడానికి ఒక సలహా సంఘం, తప్పు చేస్తే విచారించడానికి వేరే బోర్డు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో సివిల్ మీడియేషన్ కౌన్సిల్ 2003లో పుట్టింది. 2004లో అక్కడి అప్పీలు కోర్టు, ఇష్టం లేనివాళ్లను మధ్యవర్తిత్వానికి పంపితే కోర్టుకెళ్లే హక్కుకు అడ్డం వచ్చినట్టేనని అంది. దాదాపు ఇరవై ఏళ్లు ఆ మాటే రాజ్యమేలింది. పక్క స్థలంలోంచి పాకిన జపాన్ కలుపు మొక్క మీద మెర్థర్ టిడ్‌ఫిల్ కౌన్సిల్‌తో ఓ ఇంటాయన పెట్టుకున్న తగాదాతో ఆ ప్రశ్న మళ్లీ అప్పీలు కోర్టుకు చేరినప్పుడు, సివిల్ మీడియేషన్ కౌన్సిల్ మరో రెండు సంస్థలతో కలిసి కోర్టులో తన వాదన వినిపించింది. 2023 నవంబరులో తీర్పు మారింది. విచారణ హక్కుకు చేటు రానంతవరకు కోర్టు అలా పంపవచ్చంది. కలుపు మొక్క కేసులో ఏ ఒక్క మధ్యవర్తికీ సొంత లాభం లేదు. సంఘం లేకపోతే మధ్యవర్తుల తరఫున ఆ వాదన వినిపించే గొంతే ఉండేది కాదు.

రిటైర్డ్ జడ్జీల గురించి అన్న మాటలో కొంత నిజముంది, ఒప్పుకోకపోతే అన్యాయం. ముప్పై ఏళ్లు తీర్పులు రాసిన చేతికి తీర్పు రాయకుండా ఉండటం కష్టం. పైన చెప్పిన న్యాయవాది పది నిమిషాల్లో జడ్జి అయిపోయారంటే, నిజంగా జడ్జిగా ఉన్నాయన ఐదు నిమిషాల్లో అవుతారు. పెద్ద పేర్లు, పెద్ద భవనాలతో మొదలైన కేంద్రాల చరిత్ర కూడా విమర్శకులకే బలమిస్తుంది. 1995లో ఢిల్లీలో సొసైటీగా పుట్టిన అంతర్జాతీయ ప్రత్యామ్నాయ వివాద పరిష్కార కేంద్రానికి హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. కేంద్ర ప్రభుత్వం భూమిచ్చింది, గ్రాంట్లు ఇచ్చింది. జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ దాని పనితీరు చూసి పెదవి విరిచింది. 2019లో చట్టం చేసి మరీ దాన్ని స్వాధీనం చేసుకున్నారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో 2021 డిసెంబర్ 18న అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రాన్ని అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ, ముఖ్యమంత్రి కేసీఆర్ ఆర్భాటంగా ప్రారంభించారు. దానికి రాయదుర్గంలో ఇచ్చిన ఖరీదైన భూమి కేటాయింపును 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది.

ఇవన్నీ నిజమే. కానీ వీటిలో ఏ ఒక్కటీ మధ్యవర్తుల సంఘం కాదు. అవి కేంద్రాలు. పైనుంచి కట్టినవి, భూమితో మొదలైనవి. వాటి జాతకం చూపించి సంఘాలు వద్దనడం, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంటుంది. నిజానికి జడ్జీల ఆధిపత్యాన్ని తగ్గించాలంటే సంఘమే మార్గం. గుమస్తా, మనస్తత్వ నిపుణురాలు, ఇంజనీరు, రిటైరైన తహసీల్దారు, ఎవరైనా సరే శిక్షణ పూర్తి చేసి ఒకే నియమావళి కింద, ఒకే ఓటు హక్కుతో కూర్చునే చోటు అదొక్కటే.

ఇక నల్లకోట్ల బెంగ. ఇది మనదొక్కరిదే కాదు. ఇటలీలో సివిల్ తగాదాలకు మధ్యవర్తిత్వం తప్పనిసరి చేస్తూ 2010లో డిక్రీ వస్తే, 2011లో అక్కడి న్యాయవాదులు సమ్మెకు దిగారు. 2012లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది, 2013లో ప్రభుత్వం మార్పులు చేసి మళ్లీ తెచ్చింది. కాలం గడిచేకొద్దీ అక్కడి బార్ సంఘాలే సొంతంగా మీడియేషన్ సంస్థలు నడపడం మొదలుపెట్టాయి. మన దగ్గరా ఇంచుమించు ఇదే వరస. 1999లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించి 89వ సెక్షన్ పెట్టారు. కోర్టే కేసును రాజీ మార్గాలకు పంపేలా చేసింది ఆ సెక్షనే. ఆ సవరణల మీద 2000లో దేశమంతా న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు. చట్టం అమలు వాయిదా పడి 2002 జులై 1న గానీ మొదలు కాలేదు. తమిళనాడులోని సేలం బార్ అసోసియేషన్ సుప్రీంకోర్టుకెళ్లి సవాలు చేసింది.

ఆ సవాలు ఏమైందో చూడండి. సుప్రీంకోర్టు సవరణలను నిలబెడుతూ, వాటిని అమలు చేసే పద్ధతి చెప్పమని ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షులు మన తెలుగువారే, సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎం. జగన్నాధరావు. ఆ కమిటీ తయారుచేసిన నమూనా నియమాలను 2005 ఆగస్టులో కోర్టు ఆమోదించి హైకోర్టులన్నిటికీ పంపింది. దేశంలో ఈరోజు ఏ జిల్లా కోర్టు మీడియేషన్ కేంద్రం పుట్టుక వెతికినా ‘సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్’ అన్న కేసు పేరు తగులుతుంది. వ్యతిరేకించిన బార్ పేరే ఈ వ్యవస్థకు శిలాఫలకమైంది. అదే 2005 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టులో మీడియేషన్ కేంద్రం తెరుచుకుంది. 2006లో ఢిల్లీ హైకోర్టు, 2007లో బెంగళూరు. వీటిల్లో మధ్యవర్తులుగా కూర్చున్నది ఎక్కువగా న్యాయవాదులే. చెన్నైలో దాన్ని నిలబెట్టడానికి సీనియర్ న్యాయవాది శ్రీరామ్ పంచు పడ్డ శ్రమ ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. లాయర్ల కూడు లాక్కోవడానికి లాయర్లే గంపలు మోశారంటే నమ్మడం కష్టం.

కోర్టులు ఖాళీ అయిపోతాయన్న భయమూ అనవసరం. 2010లో ఆఫ్‌కాన్స్ కేసులో సుప్రీంకోర్టు ఏ తగాదాలు రాజీ మార్గానికి పనికొస్తాయో, ఏవి రావో వేరుచేసి చెప్పింది. దొంగ దస్తావేజు, మోసం లాంటి తీవ్రమైన ఆరోపణలున్నవి, ఎన్నికల వివాదాలు, మైనర్ల మీదా దేవుడి మాన్యాల మీదా వేసిన దావాలు, నేర విచారణలు కోర్టుకే. వాటితోనే మన జీవితాలు గడిచిపోతాయి. మీడియేషన్‌లో కక్షిదారు పక్కన కూర్చునే న్యాయవాదికి ఫీజు ఉంటుంది. ఒప్పందం రాయడానికి ఉంటుంది. అది రాయడం ప్లీడింగు రాసినంత తేలిక కాదు కూడా.

వాణిజ్య వివాదాల్లో దావాకు ముందు మీడియేషన్ తప్పనిసరి చేశారు కదా, ఎదుటిపక్షం రాక ‘నాన్‌స్టార్టర్’ అని రిపోర్టులు ఇవ్వడమే తప్ప ఏం ఒరిగింది అని ఇంకో దెప్పు. 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు, ఆ మెట్టు ఎక్కకుండా వేసిన దావాను మొదట్లోనే తిరస్కరించాలని చెప్పాక ఈ రిపోర్టులు పెరిగిన మాట నిజమే. నోటీసు అందుకున్న వ్యాపారికి అది కోర్టు సమను కాదని, వచ్చి కూర్చుంటే పోయేదేమీ లేదని చెప్పేదెవరు? ఆ పని చేయాల్సిన సంఘాలు మన జిల్లాల్లో ఎక్కడున్నాయని? లేని సంఘం పని చేయలేదని దెప్పడం సబబు కాదు.

అన్నిటికంటే గట్టి విమర్శ మాత్రం బార్ హాల్లో వినబడదు, మహిళా సంఘాల వాళ్లు అంటారు. రాజీ పేరుతో కొట్టిన ఇంటికే ఆడపిల్లను మళ్లీ పంపుతారని. దీన్ని తేలిగ్గా తీసెయ్యను. పోలీస్ స్టేషన్ కౌన్సెలింగ్‌లో “సర్దుకుపో అమ్మా” అన్న మాట చెవులారా విన్నవాణ్ణి. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు, భార్యాభర్తల తగాదాలను ముందుగా మీడియేషన్ కేంద్రాలకు పంపి చూడాలని, భార్యను వేధించారని పెట్టే 498ఏ ఫిర్యాదుల్లోనూ రాజీకి చోటుంటే ప్రయత్నించాలని చెప్పింది. కాకపోతే ఆ నేరం తీవ్రతను పలుచన చేయొద్దని కూడా అదే తీర్పులో హెచ్చరించింది. ఈ రెండో మాట కిందిదాకా దిగలేదు. ఇది దిగాలంటే ఏం కావాలి? అమెరికాలో కుటుంబ మధ్యవర్తుల సంఘాలు, బార్ అసోసియేషన్ కలిసి తయారుచేసుకున్న నమూనా నియమాల్లో, ఇంట్లో హింస ఉందేమో గుర్తించడం, ఉంటే దానికి తగ్గట్టు పద్ధతి మార్చడం మధ్యవర్తి బాధ్యతని ప్రత్యేకంగా రాసుకున్నారు. అంటే మొదటి రోజే ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. ఇద్దరినీ ఒకే వరండాలో ఎదురుబొదురుగా కూర్చోబెట్టకూడదు. వెళ్లేటప్పుడు ఆమెను ముందు పంపి, ఆయన్ను కాసేపాగాక పంపాలి. భయం చల్లారలేదనిపిస్తే మధ్యవర్తిత్వమే ఆపేయాలి. ఇవి జడ్జి ఆర్డరుతో వచ్చేవి కావు. పని చేసేవాళ్లు తమ అనుభవంలోంచి రాసుకుని, తప్పినవాణ్ణి తామే నిలదీస్తే వచ్చేవి. మహిళా సంఘాల భయం న్యాయమైనదే, అందుకే సంఘం మరీ కావాలి.

మన సంఘాలు ఈ పని చేస్తున్నాయా అంటే, చాలావరకు లేదు. ఏటా ఓ సదస్సు, వేదిక మీద వరుసగా శాలువాలు, జ్ఞాపికలు, వాట్సాప్ గ్రూపులో “శుభాభినందనలు సార్” వెల్లువ. శనాదివారాల్లో కూర్చుంటే మధ్యవర్తి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులూ వచ్చేశాయి. ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, ఎన్నాళ్లలో తేలుస్తారు అని ఓ సామాన్య కక్షిదారు అడిగితే జవాబు చెప్పే కాగితం బల్ల మీద పెట్టే సంఘం అరుదు. ఈ లోటు ఎత్తిచూపితే విమర్శకుల పక్కన నేనూ నిలబడతాను. వాళ్లు ఎత్తిచూపుతున్నది ఇది కాదు.

ఇంకో సంగతి వాళ్ల కళ్లబడనే లేదు. 2023 చట్టం మధ్యవర్తుల నమోదు, ప్రమాణాలు, నడవడిక అన్నీ చూడటానికి ‘భారత మధ్యవర్తిత్వ మండలి’ పెట్టమంది. 2025 మధ్య నాటికీ అది కొలువు తీరలేదు. చట్టం లెక్క ప్రకారం అందులో ఏడు కుర్చీలు. అధ్యక్షుడు, మీడియేషన్ లేదా వివాద పరిష్కార చట్టాల్లో అనుభవమున్న ఒకరు, ఆ విషయం బోధించే లేదా పరిశోధించే ఒకరు, న్యాయ వ్యవహారాల కార్యదర్శి, వ్యయ విభాగం కార్యదర్శి, మండలి ముఖ్య కార్యనిర్వహణాధికారి, వాణిజ్య పరిశ్రమల సంఘం ప్రతినిధి. పరిశ్రమల వాళ్లకు సంఘం ఉంది కాబట్టి వాళ్లకో కుర్చీ వచ్చింది. ఖర్చుల శాఖకు కూడా కుర్చీ ఉంది. రోజూ ఆ గదిలో కూర్చుని తగాదాలు విప్పే మధ్యవర్తికంటూ ఒక్క కుర్చీ కేటాయించలేదు. బార్ కౌన్సిల్‌లో న్యాయవాదులకు చోటు లేకుండా చట్టం చేస్తే మనం ఒక్కరోజైనా ఊరుకుంటామా? సంఘాలు వద్దంటున్న పెద్దలను అడుగుతున్నాను: ఆ కుర్చీ కోసం ఢిల్లీకి అర్జీ ఎవరు పెట్టాలి? కరీంనగర్‌లో ఒక మధ్యవర్తి, కర్నూలులో ఒక మధ్యవర్తి, ఎవరికి వారు రిజిస్టర్డ్ పోస్టులో పంపుకోవాలా?